స్కానర్‌లో రెండు కోడ్‌లు, రెండు రకాల మాటలు: ఇంజన్ మిస్‌ఫైర్‌ని పట్టుకోవడం ఎలా?

ఈరోజు టాపిక్ ఇంజన్ మిస్‌ఫైర్. మెకానిక్‌లు "బండి మిస్సింగ్ కొడుతోంది" అంటారే, అదే.

నాలుగు సిలిండర్ల పెట్రోల్ కారు ఒకటి తీసుకుందాం. సిగ్నల్ దగ్గర ఆగితే వణుకుతోంది, పికప్ లేదు, చెక్ ఇంజన్ లైట్ వెలిగింది. స్టీరింగ్ కింద ఓబీడీ పోర్ట్‌కి బ్లూటూత్ స్కానర్ పెట్టి ఫోన్‌లో చూస్తే రెండు కోడ్‌లు. ఒకటి పీ0302, అంటే రెండో సిలిండర్‌లో మిస్‌ఫైర్. ఇంకోటి పీ0171, అంటే మిక్చర్ లీన్: గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ. సరే అని రెండో సిలిండర్ స్పార్క్ ప్లగ్ విప్పితే అది పెట్రోల్‌తో తడిసిపోయి ఉంది! సైలెన్సర్ దగ్గర కూడా పచ్చి పెట్రోల్ వాసన. కంప్యూటరేమో పెట్రోల్ చాలట్లేదంటోంది, ముక్కేమో ఎక్కువైందంటోంది. ఎవర్ని నమ్మాలి?

ఇద్దర్నీ నమ్మొచ్చు. ఎలాగో చూద్దాం.

సిలిండర్‌లో పెట్రోల్ మండిన ప్రతిసారీ క్రాంక్ షాఫ్ట్‌కి ఒక తోపు పడుతుంది. ఒక తోపు తగ్గితే క్రాంక్ క్షణకాలం నెమ్మదిస్తుంది. క్రాంక్ సెన్సార్ ఆ తేడా చూసి, ఏ సిలిండర్ వంతులో తగ్గిందో ఈసీయూ లెక్కగడుతుంది. అంటే పీ0302 "ఎక్కడ" అనేది చెప్పింది. "ఎందుకు" అనేది చెప్పలేదు.

ఇక రెండో కోడ్. సైలెన్సర్ పైపులో ఉండే ఓ2 సెన్సార్ పెట్రోల్‌ని కొలవదు, ఆక్సిజన్‌ని కొలుస్తుంది. అసలు కిటుకు ఇక్కడే ఉంది. రెండో సిలిండర్‌లో స్పార్క్ రాలేదనుకోండి. లోపలికెళ్లిన పెట్రోల్ మండలేదు, గాలిలోని ఆక్సిజన్ కూడా ఖర్చవలేదు. రెండూ అలాగే బయటికొచ్చాయి. సెన్సార్‌కి ఆక్సిజన్ మాత్రమే కనపడింది. "లీన్" అని చెప్పింది. ఈసీయూ నమ్మేసి అన్ని సిలిండర్లకీ పెట్రోల్ పెంచింది. పెంచి పెంచి హద్దు దాటాక పీ0171 వేసింది. కోడింగ్ చేసేవాళ్లకి ఇది తెలిసిన కథే: లాగ్‌లో రెండు ఎర్రర్‌లుంటాయి, ఒకటి కారణం, ఇంకోటి దాని పర్యవసానం.

కానీ ఇది తిరగబడి కూడా ఉండొచ్చు. ఇంజెక్టర్ మూసుకుపోతేనో, ఇన్‌టేక్‌లో గాలి లీకైతేనో నిజంగానే లీన్ అయి, దానివల్ల మిస్‌ఫైర్ రావచ్చు. కోడ్‌లు మాత్రం అవే రెండు! అందుకే కోడ్ చూడగానే ఓ2 సెన్సార్ మార్చేస్తే డబ్బు పోతుంది, జబ్బు పోదు.

మరి తేల్చుకోవడమెలా? వరసగా వెళ్దాం.

ఒకటి: కోడ్‌లు వెంటనే డిలీట్ చేయొద్దు. ముందు ఫ్రీజ్ ఫ్రేమ్ స్క్రీన్‌షాట్ తీసుకోండి. కోడ్ పడినప్పుడు ఆర్‌పీఎం ఎంత, లోడ్ ఎంత, ఇంజన్ చల్లగా ఉందా వేడిగా ఉందా అన్నీ అందులో ఉంటాయి.

రెండు: లైవ్ డేటాలో ఫ్యూయల్ ట్రిమ్ చూడండి. సున్నాకి దగ్గరగా ఉంటే మంచిది. ఐడ్లింగ్‌లో +20 ఉండి, 2500 ఆర్‌పీఎం దగ్గర +3కి పడిపోతే గాలి లీక్‌ని అనుమానించాలి. ఐడ్లింగ్‌లో బాగుండి, ఎత్తు ఎక్కేటప్పుడు పెరిగితే పంపో ఫిల్టరో చూడాలి. ఇది ఎయిర్ ఫ్లో సెన్సార్ ఉన్న కార్లలో బాగా పట్టిస్తుంది. మ్యాప్ సెన్సార్ మాత్రమే ఉన్న కార్లలో గాలి లీకైతే, ట్రిమ్ కంటే ముందు ఐడ్లింగ్ ఆర్‌పీఎం పెరగడం కనపడొచ్చు.

మూడు: ఇంజన్ ఆపి, చల్లారాక రెండో సిలిండర్ కాయిల్‌ని మూడో దానికి, మూడోది రెండో దానికి మార్చండి. కోడ్ డిలీట్ చేసి కాస్త దూరం నడపండి. ఈసారి పీ0303 వస్తే దొంగ దొరికినట్టే: కాయిల్. మళ్లీ పీ0302 వస్తే కాయిల్ మంచిది, ఇప్పుడు ప్లగ్‌లు మార్చి చూడండి. ఒకసారికి ఒక్క పార్టే. రెండూ కలిపి మారిస్తే ఏది దొంగో తెలీదు.

నాలుగు: ఏది మార్చినా కోడ్ రెండో సిలిండర్‌నే అంటిపెట్టుకుంటే ఇంజెక్టర్, వైరింగ్, చివరికి కంప్రెషన్ టెస్ట్. ఇక్కడ మెకానిక్ అన్న సాయం కావాల్సిందే. ప్లగ్ తడిగా ఉంటే స్పార్క్ వైపో కంప్రెషన్ వైపో, పొడిగా ఉంటే ఇంజెక్టర్ వైపో అనుమానం మొగ్గుతుంది. అయితే మిస్‌ఫైర్ అవుతున్న సిలిండర్‌కి కొన్ని కార్లలో ఈసీయూనే పెట్రోల్ ఆపేస్తుంది. కాబట్టి పొడి ప్లగ్ ఒక్కటే సాక్ష్యం కాదు.

మన ఉదాహరణలో కాయిల్‌తో పాటే కోడ్ కూడా మూడో సిలిండర్‌కి వెళ్లిందనుకోండి. కొత్త కాయిల్ వేస్తే చాలు. కొంతసేపు నడిపాక ట్రిమ్ మెల్లగా సున్నా వైపు వస్తుంది, లీన్ కోడ్ తిరిగి రాదు. ఓ2 సెన్సార్‌ని ముట్టుకోవాల్సిన పనే లేదు. ట్రిమ్ దిగిందా లేదా చూశాకే రిపేర్ అయిందని అనుకోండి.

చివరగా, ముఖ్యమైన మాట. చెక్ ఇంజన్ లైట్ ఆగి ఆగి మిణుకుతుంటే "ఇంటిదాకా వెళ్లి చూద్దాంలే" అనుకోవద్దు. స్పీడ్ తగ్గించి పక్కన ఆపండి. మండని పెట్రోల్ క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతుంది, ఆ వేడికి లోపలున్న తేనెపట్టులాంటి సిరామిక్ కరిగిపోగలదు. కాయిల్‌తో పోయేది కన్వర్టర్ దాకా వస్తే బిల్లు ఎన్నో రెట్లు. ఇంకోటి, నడుస్తున్న ఇంజన్ మీద కాయిల్ పీకి చూసే పాత పద్ధతి వద్దు. అందులో వేల వోల్టులుంటాయి.

మీ కారులో ఇలా పొంతన లేని కోడ్‌లు వచ్చాయా? కోడ్‌లు, ఐడ్లింగ్‌లోనూ 2500 దగ్గరా ట్రిమ్ ఎంతుందో కామెంట్‌లో రాయండి. మరో వీడియోలో కలుద్దాం, బై!