సూర్యుడికి రోజుకో ఫోటో

భార్యాభర్తలు కలిసి ఫోటో తీయించుకోవడం మామూలే. కాని రోజూ ఒకే వస్తువును ఫోటో తీసే కొలువులో ఇద్దరు కలుసుకుని, పెళ్ళి చేసుకుని, ఆ ఫోటోల లెక్కలతోనే జీవితం గడపడం అరుదు. ఆ జంట వాల్టర్ మాండర్, ఆనీ మాండర్. వాళ్ళు ఫోటో తీసిన వస్తువు సూర్యుడు.

ఇంగ్లాండులోని గ్రీన్విచ్ అబ్జర్వేటరీలో 1873లో వాల్టర్ ఉద్యోగంలో చేరాడు. సూర్యుడికి ప్రతిరోజూ ఫోటో తీసి, అందులోని మచ్చలను కొలిచి, పుస్తకంలో ఎక్కించడం ఆయన శాఖ పని.

రోజూ ఎందుకు తీయాలి, నెలకొకటి చాలదా అని ఎవరికైనా సందేహం రావచ్చు. సూర్యుడు తన చుట్టూ తాను తిరుగుతున్నాడు. భూమి మీదినుంచి చూసేవాళ్ళకు ఒక చుట్టుకు సుమారు 27 రోజులు పడుతుంది. అంటే ఒక మచ్చ ఈ అంచున కనబడి ఆ అంచుకు చేరేసరికి ఇంచుమించు 13 రోజులు. ఈలోగా అది పెరగవచ్చు, చీలవచ్చు, మాయం కావచ్చు. కొన్ని మచ్చలు ఒకటి రెండు రోజులకంటే బతకవు. మనం చూడని రోజున పుట్టి పోయిన మచ్చను తర్వాత ఎవరూ తిరిగి తేలేరు. హాజరుపట్టీలో ఖాళీ గడి లాంటిదే అది.

ఫోటో తీసే పరికరం పేరు ఫోటోహీలియోగ్రాఫ్. ఇది సూర్యబింబాన్ని పెద్దదిగా చేసి గాజుపలక మీద పడేట్టు చేసే టెలిస్కోపు. మామూలు ఫోటోకు వెలుతురు చాలదని బాధ. ఇక్కడ వెలుతురు ఎక్కువై బాధ. అందుకని సన్నని చీలిక ఉన్న తలుపు ఒకటి స్ప్రింగు బలంతో చటుక్కున జారి, సెకనులో అతి స్వల్పభాగం మాత్రమే వెలుగును లోపలికి వదులుతుంది. పలకను కడిగి ఆరబెట్టాక అసలు పని మొదలు. ఒక్కొక్క మచ్చ ఎక్కడ ఉందో, ఎంత వైశాల్యం ఉందో కొలవాలి. మనకు కనబడే సగం సూర్యగోళాన్ని పది లక్షల భాగాలుగా ఊహించుకుని, మచ్చ అందులో ఎన్ని భాగాలో లెక్కకట్టాలి.

ఈ పనికి 1891లో ఆనీ రస్సెల్ వచ్చింది. ఐర్లండులో 1868లో పుట్టిన ఆమె కేంబ్రిడ్జిలోని గిర్టన్ కళాశాలలో గణితం చదివింది. పరీక్షలో మంచి స్థానం తెచ్చుకున్నా పట్టా మాత్రం చేతికి రాలేదు. కేంబ్రిడ్జి ఆడవాళ్ళకు పూర్తి పట్టాలివ్వడం 1948లోగాని జరగలేదు. గ్రీన్విచ్‌లో ఆమె జీతం నెలకు 4 పౌనులు. అంతకుముందు బడిపంతులమ్మగా ఇంతకంటే ఎక్కువే వచ్చేది. అయినా సూర్యుణ్ణి వదలలేదు.

1895లో ఆనీ, వాల్టర్ పెళ్ళి చేసుకున్నారు. పెళ్ళయిన స్త్రీ ప్రభుత్వ కొలువులో ఉండరాదని అప్పటి నిబంధన. ఆమె ఉద్యోగం వదిలేయవలసి వచ్చింది. ఆయన ఉద్యోగం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

అయితే పని ఆగలేదు, ఆఫీసునుంచి ఇంటికి మారిందంతే. 1874 నుంచి 1902 వరకు పోగుపడిన రోజువారీ కొలతలను ముందు పెట్టుకుని దంపతులిద్దరూ ఒక పటం గీశారు. అడ్డంగా కాలం, నిలువుగా సూర్యుడి అక్షాంశాలు. ఒకరు అంకెలు చదువుతుంటే మరొకరు గీతలు గీసేవారట. ఒక వారం సాయంకాలాల్లో పూర్తయిందని ఆనీ తర్వాత ఒక ఉత్తరంలో రాసింది. చూస్తే రెక్కలు చాచిన సీతాకోకచిలుకలు వరుసగా వాలినట్లుంది! సుమారు 11 ఏళ్ళ చక్రం మొదట్లో మచ్చలు 30 డిగ్రీల దగ్గర పుడతాయి. ఏళ్ళు గడిచేకొద్దీ భూమధ్యరేఖ లాంటి సూర్యుడి నడిమి రేఖవైపు జరుగుతాయి. మళ్ళీ పైన కొత్తవి మొదలవుతాయి. ఈ సంగతి అంతకుముందే కొందరు గమనించినా, ఒక్క చూపులో అర్థమయ్యేట్టు చేసింది ఈ పటమే. 1904లో అచ్చయిన ఆ వ్యాసం మీద ఉన్నది వాల్టర్ పేరొక్కటే.

ఇందులో మన దేశానికీ వాటా ఉంది. ఇంగ్లాండులో మబ్బు పట్టిన రోజులే ఎక్కువ. ఆ ఖాళీ గడులను డెహ్రాడూన్‌లోనూ, మారిషస్‌లోనూ తీసిన ఫోటోలతో నింపేవారు. 1898 జనవరి 22న సంపూర్ణ సూర్యగ్రహణం చూడడానికి మాండర్ దంపతులు ఇప్పటి మహారాష్ట్రలో ఉన్న తల్నీకి వచ్చారు. అక్కడ ఆనీ తన సొంత కెమెరాతో, సూర్యుడినుంచి సుమారు కోటి కిలోమీటర్ల దూరం సాగిన కాంతిపోగును ఫోటోలో పట్టుకుంది.

ఆ బృందంలోనే ఉన్న జాన్ ఎవర్షెడ్ 1907లో భార్య మేరీతో కలిసి కొడైకెనాల్ అబ్జర్వేటరీకి వచ్చాడు. అక్కడ 1904 నుంచే సూర్యుడికి రోజూ ఫోటోలు తీస్తున్నారు. సూర్యుడి అంచున లేచే జ్వాలల మీద ఎవర్షెడ్ దంపతులు 1917లో వెలువరించిన గ్రంథం మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి. అదే కాలం, అదే సూర్యుడు. పేరు రాయడం అసాధ్యమేమీ కాదన్నమాట.

నాకు ఈ కథలో లెక్కలకంటే ఆ పేరు సంగతే ఎక్కువ గుచ్చుకుంది. మాది వ్యవసాయ కుటుంబం. నాట్లు, కలుపు, కోతలు అన్నిటిలోనూ అమ్మ చెయ్యి ఉంటుంది. ఏ మడిలో ఎప్పుడు నీళ్ళు పెట్టామో ఆమెకే నోటికి వచ్చు. పట్టాదారు పాసుపుస్తకంలో మాత్రం నాన్న పేరొక్కటే. అమ్మను వృత్తి ఏమిటని అడిగితే “ఇంట్లోనే ఉంటాను” అంటుంది.

రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ 1892లో ఆనీ పేరును తిరస్కరించింది. 1916లో సభ్యురాలిగా చేర్చుకుంది. ఇప్పుడు చంద్రుడి మీద మాండర్ అనే గుంట ఇద్దరి పేరుమీదా ఉంది. గ్రీన్విచ్ మొదలుపెట్టిన ఆ రోజువారీ పట్టిక 1976 వరకు సాగింది. కొడైకెనాల్ ఫోటోలను కంప్యూటర్లకెక్కించి నేటికీ పరిశోధకులు వాడుతున్నారు.

మన కళాశాల మిత్రులకు ఒక మనవి. చిన్న టెలిస్కోపుతో సూర్యబింబాన్ని తెల్లకాగితం మీద పడేట్టు చేసి, మచ్చలను పెన్సిలుతో గుర్తించవచ్చు. టెలిస్కోపులోనుంచి గాని, ఉత్తకంటితో గాని సూర్యుణ్ణి చూడకూడదు, చూపు పోతుంది. ఇద్దరు కలిసి ఏడాదిపాటు రోజూ గీయండి. ఒకరికి జ్వరమొస్తే రెండోవారు గీస్తారు. మబ్బు పడితే “మబ్బు” అని రాయండి, అదీ లెక్కే. ఏడాది తర్వాత ఆ పుస్తకం అట్టమీద ఇద్దరి పేర్లూ రాయడం మాత్రం మరవకండి.