అచ్చు మళ్ళీ తెరిస్తే

ములకలపల్లి కుర్రాడొకడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ సంక్రాంతికి ఇంటికొచ్చి, సంచిలోంచి ఎర్ర లారీబొమ్మ ఒకటి తీశాడు. నాలుగు మలుపులు తిప్పితే అది రోబో. ధర విన్న తల్లి, "భద్రాచలం నవమికి పోతే ఇట్లాంటివి గంపెడొస్తాయి గదరా!" అంది. ఆమె మాటలో తప్పు పట్టడానికేం లేదు. తిరునాళ్ళ బొమ్మా ప్లాస్టిక్కే, ఇదీ ప్లాస్టిక్కే. కొడుకు డబ్బు పెట్టింది మాత్రం తానెన్నడూ చూడని, చూడబోని ఒక ఉక్కు అచ్చు మీద.

ఈ రోబో వంశం మొదలైంది ఒక సైనికుడితో. అమెరికాలో హాస్బ్రో కంపెనీ 1964లో జి.ఐ. జో అనే బొమ్మను దింపింది. జపాన్‌లో దాన్ని అమ్మే హక్కు టకారా కంపెనీ తీసుకుంది. జపాన్ పిల్లలకు అమెరికా సైనికుడి మీద మోజు తగ్గేసరికి, టకారా వాళ్ళు అదే తరహా శరీరాన్ని పారదర్శకమైన ప్లాస్టిక్‌తో పోసి, లోపల యంత్రాలు కనిపించేలా చేసి, 1972లో 'హెన్షిన్ సైబోర్గ్' అన్నారు. మరుసటి ఏడే చమురు సంక్షోభం. ప్లాస్టిక్ పుట్టేది చమురులోంచే కాబట్టి బొమ్మ చిన్నదైందంటారు. 1974లో వచ్చిన 'మైక్రోమాన్' ఎత్తు పది సెంటీమీటర్లు.

అక్కడ ఒక చక్కని ఊహ పుట్టింది. మైక్రోమాన్ నిజంగానే అంత మనిషైతే, మన క్యాసెట్టూ కెమెరా వాడి పక్కన నిలువెత్తు యంత్రాలే కదా! అలా ఇంట్లో వస్తువులు రోబోలుగా మారే 'మైక్రో ఛేంజ్' బొమ్మలు 1983లో వచ్చాయి. 1980లోనే మొదలైన 'డయాక్లోన్' బొమ్మల్లో కార్లూ లారీలూ రోబోలయ్యేవి. వాటిని నడపడానికి అరికాళ్ళలో అయస్కాంతాలున్న వేలెడంత పైలట్లు ఉండేవాళ్ళు. ఈ రెండు వరసల్నీ జపాన్‌లో చూసి ముచ్చటపడి కొనుక్కున్నది ఎవరనుకున్నారు? ఇరవై ఏళ్ళ కిందట సైనికుణ్ణి పంపిన హాస్బ్రోయే. 1984లో వాటికి 'ట్రాన్స్‌ఫార్మర్స్' అని పేరు పెట్టింది. డయాక్లోన్ లారీ 'ఆప్టిమస్ ప్రైమ్' అయింది. కొత్త కథలో రోబోలకు ప్రాణముంది, పైలట్‌తో పనిలేదు. పైలట్‌ను తీసేశారు గానీ అచ్చులో సీటును తీయలేదు. పాత కారు రోబోల తలుపు తెరిస్తే, ఎవరూ కూర్చోని ఆ సీటు ఇప్పటికీ కనిపిస్తుంది. నన్నడిగితే ఈ బొమ్మల్లో అన్నిటికన్నా మంచి భాగం అదే.

అచ్చు గుణమే అంత. గట్టి ఉక్కు దిమ్మెలు రెండింటిని ఎదురెదురుగా చెక్కి, మూసి బిగిస్తారు. రెండొందల డిగ్రీలు దాటిన ఏబీఎస్ ప్లాస్టిక్‌ను గొప్ప ఒత్తిడితో లోపలికి తోస్తారు. ఉక్కులో తొలిచిన సన్న కాలువల్లో నీళ్ళు పారుతుంటాయి. కాసేపట్లో ప్లాస్టిక్ గడ్డకడుతుంది, అచ్చు తెరుచుకుంటుంది, పిన్నులు ముక్కను బయటికి నెడతాయి. ఆ పిన్నుల గుండ్రటి ముద్రలూ, రెండు దిమ్మెలు కలిసిన చోట సన్న గీతా ప్రతి ముక్క మీదా ఉంటాయి. ముదిరిన సేకర్తలు బొమ్మ ముఖం చూడరు, ముందు తిరగేసి ఈ గుర్తులు చూస్తారు. లక్షలసార్లు మూసి తెరిచాక దిమ్మెల అంచులు అరిగి, సందుల్లోంచి ప్లాస్టిక్ రేకులా పొంగుతుంది. పదునుగా ఉండాల్సిన ముక్కూ మూతీ మెత్తబడతాయి.

ఇంకో సంగతి. ఉక్కును ఇంకాస్త చెక్కడం తేలిక, చెక్కినదాన్ని పూడ్చడం కష్టం. అందుకే అచ్చును సవరిస్తే సాధారణంగా బొమ్మ మీద ప్లాస్టిక్ పెరుగుతుంది, తగ్గడం అరుదు. ఆ అరుదైన పనీ జరిగింది. 2002లో అమెరికాలో ఆప్టిమస్ ప్రైమ్‌ను మళ్ళీ విడుదల చేసినప్పుడు, పిల్లలకు గుచ్చుకుంటాయని లారీ పొగగొట్టాలను పొట్టిచేశారు. పాతబొమ్మ ఎరిగినవాళ్ళకు అది మహాపరాధం! మెగాట్రాన్‌ది మరీ చిక్కు. ట్రాన్స్‌ఫార్మర్స్‌లోనే ఉన్న ఆ రోబో మారితే అచ్చం వాల్తర్ పిస్తోలులా ఉండేది. బొమ్మ తుపాకీ మూతికి నారింజ రంగు గుర్తు ఉండాలని 1988లో అమెరికా చట్టం చేశాక, పాత రూపంలో దాన్ని అమ్మడం కష్టమైపోయింది. జపాన్‌లో ఇప్పుడు 'మిస్సింగ్ లింక్' పేరుతో, చూపుకు పాతదిలాగే ఉండి కీళ్ళు మాత్రం బాగా కదిలే బొమ్మలను కొత్త అచ్చులతో చేస్తున్నారు. వాటిని పునర్ముద్రణ అనడానికి నాకు నోరు రాదు.

మన తెలంగాణలోనే ఆదిలాబాద్ డోక్రా కళకు అచ్చును మళ్ళీ వాడే ఈ గొడవే లేదు. మట్టి మీద మైనపు తీగలు చుట్టి, పైన మళ్ళీ మట్టి మెత్తి, మైనం కరిగించి ఇత్తడి పోస్తారు. బొమ్మ బయటికి రావాలంటే అచ్చు పగలాల్సిందే. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ కళలో ప్రతి బొమ్మా మొదటి ముద్రణే, చివరి ముద్రణే.

ఉక్కు అచ్చు లేనివాడు ఏం చేస్తాడు? అసలు బొమ్మ మీంచే అచ్చు తీసి నకిలీ పోస్తాడు. ఇక్కడ భౌతికశాస్త్రం వాణ్ణి పట్టిస్తుంది. చల్లారేటప్పుడు ఏబీఎస్ దాదాపు అర శాతం కుంచించుకుంటుంది. అసలు అచ్చును ఆ మేరకు పెద్దదిగా చెక్కుతారు. నకిలీ చేసేవాడికి దొరికింది ముందే కుంచించుకున్న బొమ్మ, అది రెండోసారి కుంచించుకుంటుంది. పదహారు సెంటీమీటర్ల రోబోలో తేడా ఒక మిల్లీమీటరుకు కాస్త తక్కువ. కాలిపర్స్ ఉంటే తెలిసిపోతుంది. స్కాన్ చేసి కొలత సరిచేసుకునే తెలివైనవాడైతే మాత్రం దొరకడు.

అసలు బొమ్మ ధర మన దగ్గర మండిపోవడానికి, అచ్చు కాక, ఇంకో కారణం సుంకం. బొమ్మల దిగుమతి మీద 20 శాతంగా ఉన్నది 2020లో 60 శాతమైంది, 2023లో 70కి చేరింది. అయినా దక్షిణాది ఈ వ్యాపారంలో ఎప్పుడూ కొనేవైపే లేదు. చెన్నై ఎం.ఆర్.ఎఫ్., హాస్బ్రో కలిసి 1987లో ఫన్‌స్కూల్ పెట్టాయి. వంశానికి మూలపురుషుడైన జి.ఐ. జో పేరుతోనే, అప్పటికి అరచేతిలో ఇమిడేంత చిన్నవైన బొమ్మలను హాస్బ్రో అచ్చులతో ఇక్కడ పోశారు. రంగులు మాత్రం అమెరికా నమూనాను పట్టించుకోలేదు. అక్కడ ఎవరూ ఊహించని జతలు ఇక్కడ పుట్టాయి. అప్పట్లో మన పిల్లలు మట్టిలో ఆడి పారేసిన ఆ బొమ్మలకోసం, పెట్టె చెదరనిది దొరికితే ఎంతైనా ఇస్తామంటూ, ఇప్పుడు అమెరికా సేకర్తలు వెతుకుతున్నారు.