లోహంలో దాగిన గాజుపోగు

పనిలో ఉన్న లోహపు భాగం ఎంత సాగుతోందో తెలియాలంటే ఇంజనీర్లు దాని మీద స్ట్రెయిన్ గేజి అతికిస్తారు. అది చెప్పేది పైపొర సంగతే. లోపలి కబురు మోసుకొచ్చే సాధనం 1978లో అనుకోకుండా దొరికింది.

కెనడాలోని ఒట్టావాలో కమ్యూనికేషన్స్ రీసెర్చ్ సెంటర్‌కు చెందిన కెన్నెత్ హిల్ బృందం, జెర్మేనియం కలిపిన ఆప్టికల్ ఫైబర్‌లోకి ఆర్గాన్ లేజర్ కాంతిని పంపుతోంది. పంపినకొద్దీ వెనక్కి వచ్చే కాంతి పెరగసాగింది. వెళ్లే కాంతి, చివర తగిలి తిరిగొచ్చే కాంతి కలిసి గాజులో నిలిచిపోయే చారలు గీశాయి మరి! ఆ చారలు ఒక్క తరంగదైర్ఘ్యాన్నే తిప్పికొట్టి, మిగతా కాంతిని పోనిస్తాయి. స్ఫటికాల్లో ఎక్స్‌ కిరణాల గురించి 1912లో లారెన్స్ బ్రాగ్ చెప్పిన సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. అందుకే దీన్ని ఫైబర్ బ్రాగ్ గ్రేటింగ్ అంటారు. 1989లో అమెరికాలో జెరాల్డ్ మెల్ట్జ్ బృందం పోగు పక్కనుంచి అతినీలలోహిత కాంతి వేసి, కావలసిన ఎడంతో చారలు గీసి చూపించింది. సెన్సర్‌గా దాని బతుకు అక్కడే మలుపు తిరిగింది.

పోగు సాగితే చారల ఎడం పెరిగి, తిరిగొచ్చే తరంగదైర్ఘ్యం జరుగుతుంది. మీటరుకు ఒక్క మైక్రాన్ సాగినా, 1550 నానోమీటర్ల దగ్గర ఆ జరుగుడు సుమారు 1.2 పికోమీటర్లు. ఒక్క డిగ్రీ వేడికి సుమారు 10.

చిక్కల్లా ఈ పోగును లోహంలోకి దించడమే. దాని మందం 125 మైక్రాన్లు. కరిగిన లోహం పోస్తే పైపూత మాడుతుంది, వేడి ఎక్కువైతే చారలు చెరుగుతాయి, చల్లారే లోహం గాజును నలిపేస్తుంది. దారి చూపింది అల్ట్రాసోనిక్ పద్ధతి. అల్యూమినియం రేకుల మీద సెకనుకు 20,000 సార్లు అదిరే చక్రాన్ని దొర్లిస్తారు. రాపిడికి ఆక్సైడ్ పొర చెదిరి, లోహం కరక్కుండానే లోహానికి అతుక్కుంటుంది. మధ్యలో సన్నని గాడి తీసి, పోగు పరిచి, పైన మరో రేకు కప్పుతారు. ఒహాయోలోని ఫాబ్రిసోనిక్ సంస్థ నాసాతో కలిసి ఇలాంటి భాగాలు చేసింది.

అయినా రెండు తలనొప్పులు మిగిలాయి. వేడెక్కితే అల్యూమినియం గాజు కన్నా 40 రెట్లు వ్యాకోచించి పోగును లాగుతుంది. ఏది వేడి, ఏది లాగుడు అని విడదీయడానికి, లాగుడు తగలకుండా సన్నని గొట్టంలో వదులుగా ఉంచిన రెండో గ్రేటింగ్ కావాలి. ఇక, పోగు లోహం నుంచి బయటికొచ్చే చోట ఇట్టే విరుగుతుంది. లోపలున్న దాన్ని తీసి మార్చే వీలు లేదు. కాబట్టి ఈ సెన్సర్ ఆయుష్షు ఆ భాగం ఆయుష్షు కన్నా తక్కువ కాకూడదు. ఈ పద్ధతికి అసలు పరీక్ష అదే.