రాగిరేకు మీద నిశ్చల సముద్రం

పాత అచ్చు చిత్రాల్లో తుపాను కంటే నిశ్చల సముద్రాన్ని చూపడమే కష్టం. ఎందుకో తెలియాలంటే ఆ చిత్రాలు ఎలా తయారయ్యేవో చూడాలి.

1647లో వెన్సెస్లాస్ హోలర్ అనే కళాకారుడు ఆంట్‌వర్ప్‌లో డచ్ ఓడల బొమ్మల వరుస ఒకటి వెలువరించాడు. అవి ఎచింగ్ (ఆమ్లంతో లోహాన్ని కరిగించి గీతలు తెప్పించే పద్ధతి) చిత్రాలు. రాగిరేకుకు ముందు మైనపు పూత వేస్తారు. సూదితో ఆ పూత మీద బొమ్మ గీస్తారు. రేకును ఆమ్లంలో ఉంచితే, పూత లేచిన చోటే రాగి కరిగి గాడి పడుతుంది. గాడిలో సిరా నింపి, రేకు పైభాగం తుడిచి, తడి కాగితం పరచి యంత్రంలో గట్టిగా నొక్కుతారు.

కళాకారుడి చేతిలో ఉన్నది గీత ఒక్కటే. ఎగసే అలకు అది చాలు, ఎందుకంటే అలకు అంచూ వంపూ ఉన్నాయి. గాలి ఆగిన నీటికి ఆ రెండూ లేవు. వెలుగు మాత్రం మెల్లగా మారుతూ పోతుంది. కాబట్టి ఎచింగ్ చేసేవారు దగ్గరి నీటికి అడ్డగీతలు ఒత్తుగా వేసి, దూరం పోయేకొద్దీ పలచన చేసి, చాలాచోట్ల కాగితాన్ని ఖాళీగా వదిలేవారు. గాలి లేదన్న సంగతి వేలాడే తెరచాపలు చెప్పేవి. ఎక్కడ సూది ఆపాలో తెలియడమే అసలు పనితనం.

గీత లేకుండానే వెలుగునీడలు చూపే మెజోటింట్ (రేకును గరుకు చేసి, కావలసిన చోట నున్న చేసే పద్ధతి) కూడా ఆ కాలంలోనే వచ్చింది. లుడ్విగ్ ఫాన్ జీగెన్ 1642లో దానికి నాంది పలికాడు. తర్వాత స్థిరపడిన తీరులో రేకంతా గరుకు చేస్తారు. అలాగే అచ్చువేస్తే కాగితమంతా నల్లబడుతుంది. ఎక్కడ ఎంత నున్న చేస్తే అక్కడ అంత వెలుగు.

లండన్‌లో ఎలీషా కిర్కాల్ 1720లలో డచ్ చిత్రకారుడు విలెం వాన్ డె వెల్డె సముద్ర చిత్రాలను మెజోటింట్‌లో చేసి, ఆకుపచ్చ సిరాతో అచ్చువేశాడు. వాన్ డె వెల్డె చిత్రం ఆధారంగా చేసిన ఒక ఆకుపచ్చ మెజోటింటే తనను చిత్రకారుణ్ణి చేసిందని ఇంగ్లిష్ చిత్రకారుడు టర్నర్ అన్నట్టు ఆయన జీవితచరిత్రలో ఉంది. అయితే అది నిశ్చల సముద్రం కాదు, అలలకు ఎదురొడ్డే ఓడ బొమ్మ.

మెజోటింట్‌కు ఒక ఇబ్బంది ఉంది. ప్రతులు తీసేకొద్దీ గరుకు అరిగి చిత్రం వెలిసిపోతుంది. పైగా అందులో వెలుగును చీకట్లోంచి గీకి తీయాలి కనుక నీరు కాస్త బరువుగానే కనిపిస్తుంది. ఎచింగ్‌లో వెలుగు కాగితానిదే. గాలి ఆగిన సముద్రానికి నా దృష్టిలో ఎచింగే తగినది.