ఈల, కూత, విజిల్

మొన్న వంటింట్లోంచి కేక వినిపించింది, "ఎన్ని విజిల్స్ వచ్చాయండీ?" అని. లెక్క మరిచిపోయాను. రెండా, మూడా? పప్పు సంగతి తర్వాత తేలింది గానీ నన్నో అనుమానం పట్టుకుంది. కుక్కర్‌కి వచ్చేది ఈల ఎందుకు కాలేదు? "మూడు ఈలలు రాగానే స్టవ్ కట్టెయ్" అన్న అమ్మని నేనింతవరకూ చూళ్ళేదు.

ఆలోచిస్తే, మనం చప్పుడుని బట్టి కాక అది ఎక్కణ్ణుంచి వచ్చిందో చూసి పేరు పెట్టుకున్నామనిపించింది. పెదాలు సున్నా చుట్టో, నోట్లో వేళ్ళు పెట్టో చేసేది ఈల. రైలుది కూత, దాన్ని కోడితోనూ కోయిలతోనూ కలిపేసుకున్నాం. రిఫరీది, ట్రాఫిక్ పోలీసుది, కుక్కర్‌ది విజిల్. క్రియలూ వేరే. ఈల వేస్తాం, విజిల్ ఊదుతాం, రైలు కూస్తుంది, కుక్కర్‌కి మాత్రం విజిల్ "వస్తుంది". వీటిని అటూ ఇటూ మార్చి చూడండి, ఎక్కడో తేడా కొడుతుంది.

పాపం, వీటిల్లో ఈలకే పరువు తక్కువ. నేల టికెట్టు వాళ్ళ పని అనేవారు. రాత్రిపూట వేస్తే పాములొస్తాయనేవారు (పాములకి బయటి చెవులే లేవు!). ఆడపిల్లలైతే అసలు వెయ్యనే కూడదు. అలాంటి ఈలని ఇంటిపేరు చేసుకుని నాటకాల్లో కృష్ణుడి వేషానికి నిండుదనం తెచ్చినవాడు ఈలపాట రఘురామయ్య (1901-1975). వేణువు పలికించాల్సిన చోట ఆయన ఈల పలికింది. అయినా మిగతావాళ్ళ ఈలకి మర్యాద పెరగలేదు.

సాయంత్రం మా పాపని తీసుకుని కల్బా సముద్రపు ఒడ్డుకి వెళ్ళాను. ఒమన్ గల్ఫ్ వైపు తిరిగి ఉన్న చిన్న ఊరు మాది. షార్జా ఎమిరేట్‌లోదే అయినా షార్జా నగరానికి కొండల అవతల ఉంటుంది. ఒడ్డున కుర్రాళ్ళు బంతి ఆడుతున్నారు. అందులో ఒకడు నోట్లో వేళ్ళు పెట్టి గట్టిగా ఈల వేశాడు.

"నాన్నా, నోటితో విజిల్ వెయ్యడం నాకూ నేర్పవా?" అంది పాప.

"దాన్ని ఈల అంటారమ్మా."

"ఈల అంటే?"

బళ్ళో అరబిక్ నేర్చుకుంటోంది. ఊదే విజిల్‌ని "సఫ్ఫారా" అంటారని నాకు చెప్పింది తనే. సున్నాకి "సిఫ్ర్" అంటారని కూడా. రెండింటికీ మూలాక్షరాలు అవే మూడు, సాద్, ఫా, రా. ఇంగ్లీషు మాట వచ్చు, అరబిక్ మాట వచ్చు, మన మాట ఒక్కటే తెలీదు. తప్పు పిల్లది కాదు. ఇంట్లో రోజూ కుక్కర్ విజిల్ గురించి మాట్లాడుకున్నాం గానీ, తన ముందు నేనెప్పుడూ ఈల వెయ్యలేదు. కూతురు కదా, నేర్చుకుంటుందేమోనని.

అక్కడే గట్టు మీద కూర్చోబెట్టి నేర్పాను. పెదాలు సున్నాలా చుట్టి, నాలుక కింది పళ్ళకి ఆనించి, మెల్లిగా ఊదమన్నాను. చాలాసేపు గాలే వచ్చింది. తర్వాత ఎక్కడో సన్నగా పలికింది.

ఇంటికొచ్చేసరికి చీకటి పడింది. మెట్ల మీద ఇంకా సాధన చేస్తూనే ఉంది. "రాత్రిపూట వద్దమ్మా, పాములొస్తాయి" అన్నాను, నాకు తెలీకుండానే.

"ఈలకా?" అంది.

ఆ ఒక్క మాటకి నా ప్రాణం లేచొచ్చింది. వేసుకోమన్నాను.