కోపానికి కూడా గడువుంది

2025లో వినాయక చవితి ఆగస్టు 27న వచ్చింది కదా. ఆ రోజు అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా ఏ గల్లీలో చూసినా మండపం, డీజే, పులిహోర ప్యాకెట్లు. అదే రోజు అవే గల్లీల్లో కొన్ని ఇళ్లలో పెద్దవాళ్లు కాచి చల్లార్చిన నీళ్లు తప్ప ఇంకేం ముట్టలేదు. శ్వేతాంబర జైనుల్లో చాలామందికి అది సంవత్సరి, అంటే ఎనిమిది రోజుల పర్యుషణ పర్వంలో ఆఖరి రోజు. కొన్ని శాఖల వాళ్లు మర్నాడు పంచమికి చేసుకుంటారు. దిగంబరులకైతే ఆ పంచమి నుంచి పది రోజుల దశలక్షణ పర్వం మొదలై అనంత చతుర్దశికి ముగుస్తుంది. అంటే మనం ట్యాంక్‌బండ్ దగ్గర నిమజ్జనంలో ఉండే రోజుకి. ఇంత దగ్గరగా జరుగుతున్నా మనకు తెలిసేది ఒక్కటే, వాట్సాప్‌లో వచ్చే "మిచ్ఛామి దుక్కడం".

ఆ మాట ప్రాకృతం. సంస్కృతంలో "మిథ్యా మే దుష్కృతమ్". నేను చేసిన చెడ్డపని ఫలం లేకుండా పోవాలి అని అర్థం.

ఈ పండగంటే ఉపవాసమే అనుకుంటాం. అందులో చాలా మెట్లున్నాయి. ఏకాసనం అంటే రోజుకి ఒక్కపూట, ఒకేచోట కూర్చుని తినడం. ఆయంబిల్‌లో ఆ ఒక్కపూట కూడా నూనె, నెయ్యి, పాలు, పెరుగు, తీపి, మసాలా ఉండవు. పూర్తి ఉపవాసంలో కాచిన నీళ్లే, అవీ పొద్దుగూకే వరకే. ఎనిమిది రోజులూ అలా ఉంటే అఠాయి. మా క్లాస్‌మేట్ ఒకడు, వాళ్లకి అమీర్‌పేటలో షాపుంది, పోయినేడు ఏకాసనాలు చేశాడు. ల్యాబ్‌కి ఫ్లాస్కులో కాచిన నీళ్లు తెచ్చుకునేవాడు. మేం మిర్చి బజ్జీలు తింటుంటే పక్కనే కూర్చుని కబుర్లు చెప్పేవాడు. నాకైతే అదే పెద్ద తపస్సులా కనిపించింది.

కానీ వాడు చెప్పిన దాంట్లో నన్ను పట్టుకుంది తిండి సంగతి కాదు, కోపం లెక్క. జైన కర్మ సిద్ధాంతంలో కోపాన్ని అది ఎంతకాలం నిలుస్తుందో చూసి నాలుగు రకాలు చేశారు. పదిహేను రోజుల్లోపు పోయేది నీటి మీద గీత. నాలుగు నెలల్లోపు పోయేది ఇసుకలో గీత. ఏడాది వరకు ఉండేది ఎండిన నేల పగులు, వాన పడితేగానీ పూడదు. ఏడాది దాటినా పోనిది కొండ చీలిక. దానికి అనంతానుబంధి అని పేరు, జన్మల తరబడి వెంటాడుతుందట.

ఇప్పుడు ప్రతిక్రమణం చూడండి. చేసిన తప్పుల్ని తలుచుకుని వెనక్కి మళ్లే క్రియ అది. పొద్దునా సాయంత్రం ఒకటి, పక్షానికొకటి, నాలుగు నెలలకొకటి, ఏడాదికొకటి. గడువులు సరిగ్గా అవే! సంవత్సరి అంటే ఆఖరి అటెంప్ట్ అన్నమాట. ఆ రోజు క్లియర్ కాకపోతే కోపం కొండ చీలిక జాబితాలోకి పోతుంది. సప్లీలు రాసే మనకి దీన్ని ఇంతకంటే విడమరచి చెప్పక్కర్లేదు.

సంవత్సరి ప్రతిక్రమణం దాదాపు మూడు గంటలు సాగుతుంది. నడకలో తొక్కిన విత్తనం, పచ్చిక, చీమల పుట్ట, సాలెగూడు దాకా అందరి లెక్కా వస్తుంది. వరస కూడా గమనించండి: అన్ని జీవుల్నీ నేను క్షమిస్తున్నాను అన్నది ముందు, నన్ను క్షమించండి అన్నది తర్వాత.

చీమని క్షమాపణ అడగడం తేలికే. తమ్ముణ్ని అడగడమే కష్టం. మావాడి నాన్నకీ బాబాయికీ షాపు వాటా దగ్గర చెడి మాటల్లేక రెండేళ్లు దాటింది. "మా నాన్న మూడొందల మందికి ఫార్వర్డ్ చేసిండు, మా కాకాకి తప్ప" అన్నాడు వాడు. ఫార్వర్డ్‌లతో ఇదే చిక్కు. ఎవరితో గొడవ లేదో వాళ్లందరికీ వెళ్తుంది. పోయినేడు మాత్రం ప్రతిక్రమణానికి కూర్చునే ముందు ఆయన పంజాగుట్టలో తమ్ముడింటికి వెళ్లాడట. తమ్ముడు మెట్లు దిగి వచ్చాడు. ఇద్దరూ చేతులు జోడించారు. వాటా లెక్క ఇంకా తేలలేదు, లాయరూ మారలేదు. కానీ ఇప్పుడు ఫోన్లో మాట్లాడుకుంటున్నారు. క్షమించడం, హక్కు వదులుకోవడం ఒకటి కాదని నాకు ఇక్కడే అర్థమైంది.

ఇంకో సంగతీ దాచకూడదు. 2016లో మన నగరంలోనే సుదీర్ఘ ఉపవాసం తర్వాత ఒక బాలిక చనిపోయింది. పెద్ద దుమారం రేగింది, పోలీసు కేసైంది. తపస్సు ఎవరికి వాళ్లు తెలిసి ఎంచుకోవాల్సింది. పిల్లలు దీక్షకి కూర్చుంటే చప్పట్లు కొట్టడం నాకు నచ్చదు. మావాడూ అదే అంటాడు. వాళ్లింట్లో మాత్రం దీనిమీద వాదన నడుస్తూనే ఉంది.

ఇదేదో రాజస్థాన్, గుజరాత్ వాళ్ల వ్యవహారం అనుకునే క్లబ్ మిత్రులకి చిన్న మాట. కరీంనగర్ దగ్గర కురిక్యాల బొమ్మలగుట్ట మీద 10వ శతాబ్దపు శాసనంలో తెలుగు కంద పద్యాలున్నాయి, నన్నయ కంటే ముందువి. వేయించిన జినవల్లభుడు జైనుడు, కన్నడ ఆదికవి పంపడి తమ్ముడు.

ఈసారి చవితి దగ్గర పడ్డప్పుడు జైన స్నేహితుడికి ట్రీట్ ఇవ్వాలంటే పొద్దుగూకక ముందే పెట్టుకోండి, ఉల్లి, వెల్లుల్లి, ఆలు లేకుండా. ఉపవాసంలో ఉంటే పారణ అయ్యేదాకా ఆగండి. ఎవరైనా "మిచ్ఛామి దుక్కడం" అంటే ఏం జవాబివ్వాలని అడుగుతుంటారు. అదే మాట తిరిగి అంటే చాలు.