ఇంటి పాకలో బ్యాండుసా: కొనేముందు అడగాల్సినవి, బిగించేటప్పుడు చూడాల్సినవి

రెండెకరాల చేను, గట్టు మీద నాలుగు టేకు చెట్లు, ఓ వేప, తాటిచెట్ల వరస ఉన్న ఇంట్లో ఏడాది పొడుగునా ఏదో ఒక కర్ర పని ఉంటూనే ఉంటుంది. పార కామ విరుగుతుంది, మంచం కోడు పగులుతుంది, చెరువు తూము పలకలు నీటికి నాని కుళ్ళిపోతాయి. వడ్రంగి మేస్త్రి కబురు పెట్టిన రోజున దొరకడు. ఈ పనులు సొంతంగా చేసుకునే రైతులు ఆకివీడు, కైకలూరు వైపు పల్లెల్లో ఉన్నారు. వీరిలో కొందరు ఖాళీ రోజుల్లో ఇరుగుపొరుగు వారికీ చేసిపెట్టి నాలుగు రాళ్ళు సంపాదించుకుంటారు. అలాంటి వారికి బ్యాండుసా మిషను కొనాలన్న ఆలోచన రావటం సహజం. కానీ డబ్బు కట్టాక తెలుసుకునే సంగతులు కొన్నిటిని ముందే తెలుసుకుంటే మంచిది.

బ్యాండుసా అంటే పైన ఒకటి, కింద ఒకటి రెండు చక్రాలు. వాటి మీదుగా గుండ్రంగా అతికిన ఉక్కు పట్టీ రంపం తిరుగుతుంది. మధ్యలో బల్ల. బ్లేడు ఎప్పుడూ కిందికే దిగుతుంది కాబట్టి కర్రను బల్లకేసి నొక్కి ఉంచుతుంది. వృత్తాకార రంపంలా వెనక్కి విసిరికొట్టే గుణం తక్కువ. వంపులు కోయగలదు. బ్లేడు పలుచన కాబట్టి పొట్టుగా పోయే కర్ర తక్కువ. 1809లోనే ఇంగ్లండులో విలియం న్యూబెర్రీ దీనికి పేటెంటు పుచ్చుకున్నా, అతుకు నిలవక చాలాకాలం వాడకంలోకి రాలేదు. 1846లో ఫ్రాన్సుకు చెందిన ఆన్ పాలిన్ క్రెపిన్ అనే ఆమె అతికే పద్ధతి కనిపెట్టాకే ఈ మిషను నిలబడింది. ఇప్పటికీ బ్లేడు కొన్నప్పుడు ముందు వేలితో తడిమి చూడాల్సింది ఆ అతుకునే. అక్కడ గరుకుగా, వంకరగా ఉంటే వద్దనండి.

దుంగ మిల్లుకు, చెక్క ఇంటికి

చాలామంది పొరబడేది ఇక్కడే. ఇంట్లో మిషను ఉంటే గట్టు మీది చెట్టు కొట్టి మనమే కోసుకోవచ్చు అనుకుంటారు. ఇంటి మిషన్లలో ఎక్కువగా కనిపించేది 14 అంగుళాల చక్రం ఉన్న రకం. మామూలుగా దాని కింద పట్టే కర్ర ఎత్తు 6 అంగుళాలు మాత్రమే. దుంగ దాని పని కాదు. దుంగను సామిల్లుకు తోలి పలకలుగా కోయించి, ఆ పలకలను ఇంటికి తెచ్చి ఆరబెట్టి, మిగతా సన్నపని ఇంటి మిషను మీద చేసుకోవాలి.

మిల్లు కూలి ఎంతవుతుందో లెక్క వేయటానికి దుంగ చుట్టుకొలతలో నాలుగో వంతును అంతే వంతుతో, ఆపైన పొడవుతో గుణించాలి. 36 అంగుళాల చుట్టుకొలత, 6 అడుగుల పొడవు ఉంటే నాలుగో వంతు 9 అంగుళాలు, అంటే ముప్పావు అడుగు. ముప్పావును ముప్పావుతో, ఆరుతో గుణిస్తే సుమారు 3.4 ఘనపుటడుగులు. ఏడాదికి మీకు ఎన్ని ఘనపుటడుగుల పని పడుతుందో ఇలా కాగితం మీద వేసుకోండి. ఇరవై, ముప్పై దాటని ఇంటికి సొంత మిషను అక్కర్లేదని మా అభిప్రాయం. మిల్లు కోత, ఓ మంచి చేతిరంపం చాలు.

అటవీ శాఖను ముందే అడగండి

మిషను దుకాణం వాడు ఈ మాట చెప్పడు. మన రాష్ట్రంలో సామిల్లులకు 1967 నాటి అటవీ చట్టం, దాని కింద వచ్చిన 1969 నాటి సామిల్లుల నియంత్రణ నిబంధనలు ఉన్నాయి. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఉత్తర్వు వచ్చాక సామిల్లుల మీద నిఘా బాగా బిగిసింది. 2016లో కేంద్ర పర్యావరణ, అటవీ మంత్రిత్వ శాఖ కలప ఆధారిత పరిశ్రమలకు మార్గదర్శకాలు ఇచ్చింది. కోసిన చెక్కతో పనిచేసే చిన్న యూనిట్లకు వాటిలో మినహాయింపు ఉన్నా, బ్యాండుసా, రీసా లేకుండా నడిచేవాటికే అన్న షరతు ఉంది. అంటే మిషను చిన్నదా పెద్దదా అన్నదానికంటే, అది బ్యాండుసా కావటమే ఫైలు మీద ప్రశ్న అవుతుంది. సొంత వాడకానికేనని నోటిమాటగా చెబితే సరిపోదు. ఏ సైజు, ఏ పని, ఏ కర్ర అన్నది తెల్లకాగితం మీద రాసి రేంజి ఆఫీసులో ఇచ్చి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. జవాబు వచ్చేదాకా బయానా ఇవ్వకండి.

కొల్లేరు లంక గ్రామాల వారికి మరో మాట. ప్లస్ 5 కాంటూరు లోపలి భాగాన్ని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. మీ పాక దాని లోపల ఉంటే ఆ సంగతి అర్జీలో తప్పకుండా రాయండి. గట్టు మీది చెట్టు నరకటానికి కూడా 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం కింద అనుమతి అవసరమవుతుంది. మీ చెట్టుకు అది వర్తిస్తుందో లేదో అదే ఆఫీసులో తేల్చుకోండి.

కరెంటు సంగతి కూడా ఇలాంటిదే. పొలం మోటారు సర్వీసు నుంచి తీగ లాగి మిషను నడిపితే 2003 నాటి విద్యుత్ చట్టం 126వ సెక్షను కింద అనధికార వాడకం అవుతుంది. చేపల చెరువు సర్వీసుకూ అంతే. పని దేనికో చెప్పి, దానికి తగిన సర్వీసు పెట్టించుకోండి.

ఎంచుకోవటం

ఇంటికి 14 అంగుళాల చక్రం, ఒకటి నుంచి ఒకటిన్నర హార్స్‌పవర్ మోటారు చాలు. రెండు హార్స్‌పవర్ సింగిల్ ఫేజు మోటారు నిండు లోడులో సుమారు 10, 11 ఆంపియర్లు లాగుతుంది. సాయంత్రం వోల్టేజి పడిపోయే ఊళ్ళో మోటారు వేడెక్కి చుట్టలు కాలిపోతాయి. ఆ వేళ మిషను జోలికి పోకండి. ఎర్తు తీగ లేకుండా మాత్రం ఏ వేళా పోవద్దు. నేల ఎప్పుడూ చెమ్మగా ఉండే ఊళ్ళు మనవి.

బ్లేడు నిమిషానికి సుమారు 3 వేల అడుగులు పరుగెత్తితే కర్రకు సరిపోతుంది. దీన్ని మీరే లెక్క చూడొచ్చు. మోటారు 1440 చుట్లు తిరుగుతుంది. మోటారుకు 4 అంగుళాల పుల్లీ, మిషనుకు 7 అంగుళాల పుల్లీ ఉంటే చక్రం నిమిషానికి సుమారు 820 చుట్లు తిరుగుతుంది. 14 అంగుళాల చక్రం ఒక్క చుట్టుకు సుమారు 44 అంగుళాలు పోతుంది. గుణిస్తే మూడు వేల అడుగులు వచ్చింది కదా. పాత మిషనుకు ఎవరో పుల్లీ మార్చి ఉంటే ఈ లెక్కతోనే దొరికిపోతుంది.

పాతది కొనేవారు కరెంటు తీసేసి పై చక్రాన్ని చేత్తో తిప్పండి. గరగర శబ్దం వస్తే బేరింగు పోయినట్టు. చక్రాన్ని రెండు చేతులా పట్టి ఊపితే కదలకూడదు. చక్రం మీది రబ్బరు పట్టీ పగుళ్ళిచ్చిందా, పోత ఇనుము చట్రానికి ఎక్కడైనా వెల్డింగు మచ్చ ఉందా చూడండి. చట్రం అతికించిన మిషనును ఎంత చవగ్గా ఇచ్చినా తీసుకోకండి. చివరగా 5 అంగుళాల వెడల్పు చెక్కను నిలబెట్టి సన్నని పలక కోయించండి. దాని మందం రెండు చివర్లా, పైనా కిందా ఒకేలా ఉందేమో కొలవండి. అమ్మేవాడు కోసి చూపించనంటే లేచి వచ్చేయండి.

చేతిలో పెట్టుబడి లేని చేతివృత్తి వారికి 2023 సెప్టెంబరు 17న మొదలైన పి.ఎం. విశ్వకర్మ పథకం ఉంది. అందులోని 18 వృత్తుల్లో వడ్రంగులు, పడవలు తయారుచేసేవారు ఉన్నారు. మొదటి విడత అప్పు లక్ష రూపాయల వరకు, వడ్డీ 5 శాతం. ఆ పని సంప్రదాయంగా చేసేవారికే ఇది వర్తిస్తుంది, పొలం ఉన్నంత మాత్రాన రాదు. కామన్ సర్వీస్ సెంటరులో అడగండి. అప్పు తీసుకున్నా సరే, రేంజి ఆఫీసు జవాబు ముందు, మిషను తరవాత.

రేగడి మీద దిమ్మ

మన నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. దాని మీద నేరుగా గచ్చు పోసి మిషను బిగిస్తే ఏడాది తిరిగేసరికి ఒకవైపు ఒరుగుతుంది. రెండడుగుల లోతున నల్లమట్టి తీసేసి, ఇసుక, కంకర పొరలుగా పోసి, తడిపి దిమ్మిసతో కొట్టి, ఆపైన కాంక్రీటు దిమ్మ వేయండి. ఉప్పుటేరు పొంగి కొల్లేరు నీరు ఎదురుతన్నిన ఏడు మీ గోడ మీద నీటి చార ఎక్కడ పడిందో చూసి, మోటారు దానికి పైన ఉండేలా ఎత్తు పెట్టుకోండి. మిషనుకు ముందూ వెనకా మీరు కోసే అతి పొడవైన చెక్కకు చోటుండాలి. బల్లను రసమట్టంతో సరిచూడండి.

బ్లేడు ఎక్కించటం

మంచి మిషను చెడ్డగా కోస్తుందంటే చాలాసార్లు కారణం ఇక్కడే ఉంటుంది. తొందరపడకండి.

ముందు ప్లగ్గు పీకేయండి. స్విచ్చి ఆపితే చాలదు. బ్లేడుకు రెండు పక్కలా, వెనకా ఉండే గైడ్లను పూర్తిగా వెనక్కి జరపండి. బ్లేడును చక్రాల మీద వేశాక బల్ల దగ్గర పళ్ళు కిందికి చూస్తున్నాయో లేదో చూడండి. పైకి చూస్తుంటే బ్లేడును లోపలిది బయటికి తిప్పి వేయాలి. తరవాత బిగువు. పై గైడుకు, బల్లకు మధ్య ఆరంగుళాల జాగా ఉంచి, బ్లేడును పక్కనుంచి వేలితో ఓ మోస్తరుగా నొక్కితే పావు అంగుళం మించి వంగకూడదు. ఇప్పుడు పై చక్రాన్ని చేత్తో తిప్పుతూ వంపు మర నెమ్మదిగా సర్దండి. పది చుట్లు తిరిగినా బ్లేడు చక్రం మధ్యనే నిలవాలి. అది కుదిరాకే గైడ్లు ముందుకు తేవాలి. పక్క గైడుకు, బ్లేడుకు మధ్య కాగితం దూరేంత సందు ఉంచండి. గైడు పళ్ళను తాకకూడదు, తాకితే పదును ఒక్క నిమిషంలో పోతుంది. వెనక బేరింగు కర్ర కోసేటప్పుడే బ్లేడుకు తగలాలి, ఉత్తినే తిరిగేటప్పుడు తగలకూడదు. ఆఖరున బల్లను మూలమట్టంతో బ్లేడుకు లంబంగా సర్దండి. తలుపులు మూసి, అప్పుడు ప్లగ్గు పెట్టండి.

కోత పక్కకు లాగుతుంటే మిషనును తిట్టకండి. చెక్క మీద తిన్నని గీత గీసి, అడ్డు పలక లేకుండా చేత్తో గీత వెంబడి సగం దాకా కోసి ఆపండి. చెక్క ఏ కోణంలో నిలిచిందో అదే కోణంలో అడ్డు పలక బిగించండి. అప్పటికీ లాగితే ఒకవైపు పళ్ళు మొద్దుబారినట్టు.

బ్లేడు పొడవు తెలియకపోతే చక్రాల మధ్య దూరాన్ని రెండింతలు చేసి చక్రం చుట్టుకొలత కలపండి. మధ్య దూరం 24 ముప్పావు అంగుళాలు, చుట్టుకొలత 44 అయితే 93న్నర అంగుళాల బ్లేడు. కర్ర మందంలో ఎప్పుడూ కనీసం మూడు పళ్ళు ఉండాలి. 6 అంగుళాల మందానికి అంగుళానికి 3 పళ్ళ బ్లేడు, అంగుళం పలకలకు 6 పళ్ళది వాడండి. మందపు కర్రకు సన్నపళ్ళు వేస్తే పొట్టు ఇరుక్కుని బ్లేడు కాలుతుంది. అరంగుళం వెడల్పు బ్లేడు నిలువుకోతకు బాగుంటుంది, రెండున్నర అంగుళాల అర్ధవ్యాసం కంటే బిగుతైన వంపు తిరగదు. చిన్న వంపులకు పావు అంగుళం బ్లేడు పెట్టుకోండి. తాటి పలక బయటి నల్లనార ఇనుములాంటిది, లోపల మెత్తన. దానికి పాత బ్లేడు ఒకటి విడిగా ఉంచుకోండి. గట్టు చెట్లలో కంచె తీగలు, మేకులు ఉండిపోతాయి. అయస్కాంతం కట్టిన కర్రతో ఒకసారి తడిమితే బ్లేడు మిగులుతుంది.

లుంగీ, మెళ్ళో తువ్వాలు, చేతికి గ్లౌజులు మూడూ ప్రమాదమే. పై గైడు కర్రకు పావు అంగుళం పైనే ఉండాలి, అంతకు మించి బ్లేడు బయటికి కనపడకూడదు. చివరి నాలుగు అంగుళాలు వేళ్ళతో కాక కర్రపుల్లతో తోయండి. పార కామ లాంటి గుండ్రని కర్రను అడ్డంగా కోయాలంటే గాడి తీసిన దిమ్మలో పెట్టి పట్టండి. లేకపోతే బ్లేడు కర్రను దొర్లించి చేతిని లాక్కుంటుంది.

పని అయ్యాక బిగువు సడలించి, బ్లేడును నూనె గుడ్డతో తుడవండి. మన గాలికి ఒక్క రాత్రిలో తుప్పు పడుతుంది. కర్రపొట్టు క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సరు పరిశోధన విభాగం 1995లోనే తేల్చింది కాబట్టి ముక్కుకు గుడ్డ కట్టుకోండి. పొట్టును మోటారు మీద పేరుకోనివ్వకండి, నిప్పు అంటుకుంటుంది. ఎండిన పొట్టును కోళ్ళ పాకలో పరవవచ్చు. చెదల మందు పూసిన పాత దూలాలు కోసిన పొట్టు మాత్రం కోళ్ళకు, పశువులకు దూరంగా ఉంచండి.